బ్రేకు తొక్కితే వణికిన దొర బండి

బ్రేకు తొక్కంగనే బండి వణికిందంటే దానికి కారణాలు నాలుగైదు ఉంటయి. అండ్ల దయ్యం లేదు. ఈ ముక్క ముందుగాల్నే ఎందుకు రాస్తున్ననంటే, మేం పని మొదలువెట్టిన కాలంల అందరు చెప్పే మొదటి కారణం అదే. రెండో కారణం, తోలేటోడు కల్లు తాగిండని. మూడో కారణం ఎతుకుడు మా పని.

నాకు పెద్దగ చదువు రాదు. తాడ్వాయిల బడికి కొన్నొద్దులు పోయిన. అక్షరాలు కుదురుతున్నయి అనంగ మా బాపు కొలిమికాడికి పిలిచిండు. గిప్పుడు మా మనుమడు, వాని దోస్తులు మోటరు పనిల చేరుతున్నరు. కూసోవెట్టి చెప్తే ఇంటలేరు, రాసిస్తే చదువుతమన్నరు. చదువుతరో లేదో నాకు తెల్వదు. రాసుడైతే రాస్తున్న. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు మెచ్చుకున్నరు, గవన్ని ఇండ్ల లేవు. వాటితోని ఒక్క నట్టు గూడ ఊడదు.

ఉస్తాదు

కామారెడ్డి రైలు టేషను ఎనుక మా షెడ్డు ఉండె. పైన రేకులు, కింద నూనె తాగిన మట్టి, నడుమ ఒక గుంత. ఆ గుంతల దిగి బండి కడుపు చూసేది. నేను చేరినప్పటికి జర్మనోని పెద్ద లడాయి ఇంక మొదలుగాలే. ఊళ్లల్ల దొరలకు మోటర్లు అప్పుడప్పుడే వస్తున్నయి.

మా ఉస్తాదు పేరు ఖాదర్. మనిషి మంచోడని నేను చెప్ప. నట్లు ఇప్పే పానాలన్ని పెట్టెల వెట్టి తాళమేసి, తాళంచెయ్యి నడుముకు కట్టుకునేటోడు. పని నేర్పుమంటే "చూడు" అనేటోడు. చూస్తుంటే "ఏం చూస్తున్నవ్, పని చెయ్యి" అనేటోడు. గని ఆయనకొక అలవాటు ఉండె. బండి వస్తే ముందుగాల బండిని ముట్టకపోయేది. తోలేటోన్ని స్టూలు మీద కూసోవెట్టి, టేషనుకాడి హోటల్ కెల్లి చాయ తెప్పిచ్చి, "ఆఁ, చెప్పు బాబా" అనేటోడు. చాయ అయిపోయేదాక వాడు చెప్పేది. ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది, ఎవరెవరు కూసున్నరు, దార్ల ఎవని మేకకు తాకిచ్చిండు, అన్ని. సగం రోగం అండ్లనే దొరికేది.

గిప్పటి పోరగాండ్లు మీరు ఆ చాయ తెప్పిస్తరు గని మీరే తాగుతున్నరు.

ఆ అలవాటు ఒక్క దొరల బండ్ల కాడ నడ్వలే. దొరల డ్రైవర్లు స్టూలు మీద కూసోకపోయేది. ఎల్లారెడ్డి అవతల ఒక ఊరి దొరకు బండి తోలే సాయిలన్నకైతే ఉస్తాదు స్టూలు చూపిచ్చినప్పుడల్ల ఒక్కటే మాట.

"వద్దు ఉస్తాద్. ఈడ కూసుంటే అలవాటయితది. ఆడ మర్శిపోయి కూసున్ననంటే వీపు పలుగుతది."

దొర గడి, అంటే కోట లెక్క ఉండే ఆయన ఇల్లు, దాని ముంగట ఎవ్వరు కూసోవద్దు. ఊరి పెద్ద పటేలు నిలబడేది, భూమి లెక్కలు రాసే పట్వారి నిలబడేది. ఆడ కూసునేది దొర, దొర కుక్క. అందుకని సాయిలన్న మా షెడ్డుల గూడ నిలబడే చాయ తాగి, రెండు ముక్కలు చెప్పి, బండి అయిపోంగనే పోయేటోడు. ఈ సంగతి గుర్తువెట్టుకోండ్రి, తర్వాత పనికొస్తది.

వణుకుడు చూసే తీరు

బ్రేకు తొక్కితే వణుకుతున్నదని ఎవరన్న చెప్తే, ఎక్కడ తెలుస్తున్నదని అడుగుండ్రి. స్టీరింగు చేతులల్ల కొట్టుకుంటే రోగం ముంగటి చక్రాలల్ల. సీటు కింద తెలిస్తే ఎనుక చక్రాలల్ల. పెడలు మీది కాలును కింది కెల్లి ఎవరో తన్నుతున్నట్టు అనిపిస్తే, డ్రమ్ము గుండ్రం తప్పింది.

డ్రమ్ము అంటే చక్రంతోని తిరిగే ఇనుప గిన్నె. బ్రేకు తొక్కితే దాని లోపట ఉన్న రెండు పట్టీలు ఇటటు జరిగి గిన్నె గోడకు ఒత్తుకుంటయి, చక్రం ఆగుతది. గిన్నె గుండ్రంగ ఉంటే సాఫుగ ఒత్తుకుంటయి. కోడిగుడ్డు లెక్క అయితే ఒకదిక్కు తాకుతయి, ఒకదిక్కు తాకవు. అదే వణుకు.

గని ఊరికె డ్రమ్మే అని అనొద్దు. ముందుగాల చక్రం లేపి, పైన కింద పట్టుకొని ఊపాలె. కదిలితే బేరింగు వదులు. తర్వాత కమాన్లను, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులను, యాక్సిలుకు బిగిచ్చిన నట్లు చూడాలె. లింగంపేట దిక్కు తిరిగే బస్సు ఒకటి బ్రేకు తొక్కితే సలిజెరం వచ్చినట్టు వణికేది. ఓనరు ముంగట నిమ్మకాయలు కట్టిండు, ఎనుక పాత చెప్పు కట్టిండు, కోడిని కోసిండు. అన్ని అయినంక మా దగ్గరికొచ్చిండు. కమాను నట్లు ఊసిపోయి ఉండె. బిగిచ్చినం, వణుకు పోయింది. ఆయన పోయి ఇంకో కోడిని కోసిండు, మొక్కు ఫలించిందని. కూర మాకు గూడ పంపిండు, అందుకని మేమేం మాట్లాడలే.

ఆ కాలంల బండ్లు కొత్తయి గని మనుషులు ఎడ్లబండి మనుషులే. ఒక సాహుకారి బండి బ్రేకు తొక్కితే కీసుమనేది. వాళ్లవ్వకు ఆ సప్పుడు నచ్చలే. బండి ఇరుసు కీసుమంటే ఏం జేస్తం, ఆముదం పోస్తం. ఆమె గట్లనే డ్రమ్ములల్ల ఆముదం పోపిచ్చింది. సప్పుడు పోయింది. వణుకు గూడ లేదు. ఆగుడు గూడ లేదు. బజారు దాటి పోయి గడ్డివాముల ఆగింది. సాహుకారి గడ్డి దులుపుకుంట మా షెడ్డుకు నడిచొచ్చి, "అవ్వకు చెప్పకుండ్రి, మనసు నొచ్చుకుంటది" అన్నడు. మంచి కొడుకు.

సాయిలన్న

ఇగ అసలు ముచ్చట. సాయిలన్న మోటరుకన్న ముందు ఆ గడిల సవారి కచ్చురం తోలేటోడు. దొరసాని కూసునే గూడు బండి అన్నట్టు. ఎడ్లను బిడ్డల లెక్క చూసుకునేటోడు. దొర మోటరు కొన్నప్పుడు తాను ఎక్కే గుర్రాన్ని అమ్మిండు, కచ్చురాన్ని మూలకు వెట్టిండు, సాయిలన్నకు స్టీరింగు పట్టిచ్చిండు. ఆ చుట్టుపక్కల అంత శుభ్రమైన బండి ఇంకోటి లేకుండె. మేం గుంతల దిగి చూస్తే కమాన్ల సందుల గూడ మట్టి దొరకకపోయేది.

ఆ బండి మొదటిపారి వణుకుతున్నదని వచ్చినప్పుడు మేం చక్రాలన్ని ఊపి, నట్లన్ని చూసి, ఆఖరుకు డ్రమ్ములు ఇప్పినం. చక్రం తిప్పుకుంట సుద్దముక్క కదలకుంట పట్టుకుంటే ఒకదిక్కే గీత పడ్తున్నది. నాలుగు డ్రమ్ములు అంతే. నిజామాబాదుల ఒక మిల్లుల ఇనుము చెక్కే లేతు మిషను ఉండె. రైల్ల తీస్కపోయి గుండ్రంగ తోపిచ్చి తెచ్చినం. బండి వెన్న లెక్క ఆగింది. సాయిలన్న నిలబడి చాయ తాగి పోయిండు.

కొన్నొద్దులకు మళ్లొచ్చిండు. మళ్ల అదే. మళ్ల నిజామాబాదు, మళ్ల లేతు. ఉస్తాదు మిల్లు మేస్త్రిని తిట్టిండు, మేస్త్రి ఇనుమును తిట్టిండు, ఇనుము ఊకున్నది.

మూడోపారి వచ్చినప్పుడు సాయిలన్న మొకంల రంగు లేదు.

"ఏమయిందన్నా?" అని అడిగిన.

"తాసిల్దారు సాబును టేషనుకెల్లి తోల్కపోతున్న. దొర పక్కపొంటి కూసున్నడు. బర్రె అడ్డమొచ్చింది, బ్రేకు తొక్కిన."

"అయితే?"

"సాబు నోట్ల పాను ఉండె."

"అయితే?"

"ఇప్పుడు దొర షేర్వానీ మీద ఉన్నది."

ఉస్తాదు నవ్వబోయి దగ్గిండు. సాయిలన్న నవ్వలే.

"ఇగ ఒక్కపారి వణికిందంటే గడి ఇడిచి, ఊరు ఇడిచి పొమ్మన్నడు ఉస్తాద్. నేను తాగి తోలుతున్ననంటున్నడు. నాకు ఇల్లు లేదు, ఆ గుడిసె గడి జాగల్నే ఉన్నది. పిల్లలను ఏసుకొని ఎటు పోవాలె?"

ఉస్తాదు డ్రమ్ము ఇప్పి, అంచు ఏలితోని తడిమి, కింద వెట్టిండు. "ఇదే ఆఖరు. ఇంకోపారి తోపిస్తే పల్చగయి పలుగుతది. కొత్తయి బొంబాయికెల్లి రావాలె. లడాయి నడుస్తున్నది, సీలలే వస్తలేవు, డ్రమ్ములెక్కడివి?"

రెండుసార్లు సరిచేసిన రోగం మూడోసారి వచ్చిందంటే మనం చేసింది సరిచేసుడు కాదు. ఇది మా ఉస్తాదుకు అప్పుడు తట్టింది. నన్ను చూసి, "అరే నర్సయ్య, ఈ వణికే బండిల్నే కూసోని వాని ఊరిదాక పో. ఏం జేస్తడో చూడు. నోరు మూసుకొని చూడు" అన్నడు.

దూప

తాడ్వాయి దాటినం. మా ఇంటి ముంగటనే పోయినం. మా అవ్వ నన్ను మోటరుల చూసి, జైలుకు తీస్కపోతున్నరనుకొని ఏడ్సిందని తర్వాత తెలిసింది.

సాయిలన్న మంచిగనే తోలిండు. లింగంపేట, ఎల్లారెడ్డి దాటినంక అడివిల ఒక పెద్ద దిగుడు ఉంటది. ఆ దిగుడు మొదలయినకాడికెల్లి కింద దాక బ్రేకు మీద కాలు తియ్యలే.

"అన్నా, చిన్న గేరుల ఏస్తే అదే నెమ్మదిగ దిగుతది గద?"

"దిగుడుల ఎడ్లను ఇడిచిపెడ్తరా తమ్మీ? పగ్గం గుంజి పట్టాలె."

కింద దిగేటాళ్లకు కాలిన తోలు వాసన వచ్చింది. అక్కడనే వాగు. అవతలి ఒడ్డుకు పోతె ఊరు, ఊర్ల గడి. వాగు దాటుతడనుకున్న. దాటలే. నడుమ నీళ్లల్ల ఆపిండు. చక్రాలు సగం మునిగినయి. నాలుగు దిక్కుల సుయ్యిమని సప్పుడొచ్చి, ఆవిరి లేసింది.

సాయిలన్న మొకం ఎలిగిపోయింది. "ఇన్నవా తమ్మీ? దూపగొన్నది పాపం. తాగుతున్నది."

ధోతి ఎగ్గట్టి దిగి, గడ్డి సుట్ట పట్టుకొని చక్రాలు తోముడు మొదలువెట్టిండు. బానెట్టు మీద అరచేత్తోని నిమిరిండు. మధ్యల "హుయ్, హుయ్" అంటున్నడు. బండి కదలకుంట నిలబడ్డది.

నాకు మా బాపు కొలిమి యాదికొచ్చింది. ఎడ్లబండి గిర్రకు ఇనుప పట్టా ఎక్కిచ్చుడు మీరు చూసి ఉండరు. పట్టాను పిడకల మంటల ఎర్రగ కాల్చి, పట్టుకార్లతోని లేపి, చెక్క గిర్ర మీద కూసోవెడ్తరు. గిర్ర సుట్టు మనుషులు నీళ్ల కడవలతోని నిలబడ్తరు. బాపు "పొయ్యిండ్రి" అంటే అందరొక్కపారే పొయ్యాలె. కాలిన ఇనుము సల్లబడితే గుంజుకుంటది, చెక్కను గట్టిగ పట్టుకుంటది. ఒకడు ముందు పోసి ఒకడు ఎనుక పోసిండంటే, పోసిన దిక్కు ముందు గుంజుకొని గిర్ర వంకర వోతది. అప్పుడు మా బాపు నోట్లె కెల్లి వచ్చే మాటలు ఇండ్ల రాయరావు.

డ్రమ్ము గూడ ఇనుప పట్టానే గద. దిగుడంత రాసుకొని కాలి ఉన్నది. కింది సగం నీళ్లల్ల మునిగింది, పైసగం గాలిల ఉన్నది. కింది సగం గుంజుకున్నది.

"ఇది దినాం చేస్తవా అన్నా?"

"ఎప్పుడు బయటికెల్లి ఊరికొస్తే అప్పుడు. ఎడ్లను గిట్లనే దింపేటోన్ని. నా చేతుల ఒక్క ఎద్దు కుంటలే. పైగ దొర హుకుం ఉన్నది గద, మట్టికాళ్లతోని బండి గడిల అడుగువెట్టొద్దని."

సంగతి చెప్పిన. పట్టా సంగతి, కడవల సంగతి, గుంజుకునుడు. గడ్డి సుట్ట చేతుల పట్టుకొని నీళ్లల్ల నిలబడి ఇన్నడు.

"అంటే ముద్దు చేసి నేనే కుంటిదాన్ని చేసిన్నా?"

"నీకు తెల్వక పోయింది. తెలిసినోడు ఎవ్వడు చెప్పలే."

"కడిగితే వణుకుతది, పొమ్మంటడు. కడగకుండ పోతే హుకుం తప్పినవని పొమ్మంటడు. కడుగుతేనే చెడిపోతున్నదని చెప్తే, నా హుకుంకే వంక వెడ్తవా అని కొట్టి పొమ్మంటడు. తమ్మీ, పొమ్మననిది ఏదన్న ఉన్నదా ఇండ్ల?"

గడ్డి సుట్ట ఆయన చేతులకెల్లి తీసుకొని ఒడ్డు మీదికి ఇసిరేసిన. వాగుల నీళ్లు సల్లగ పోతున్నయి.

గుర్రం జాతి

మళ్ల బండి తోలుకొని కామారెడ్డికొచ్చి ఉస్తాదుకు చెప్పినం. ఆయన నన్ను తిట్టలే, సాయిలన్నను తిట్టలే. స్టూలును చూసిండు. "రెండుసార్లు డ్రమ్మును అడిగిన. మనిషి నిలబడ్డడని మనిషిని అడగలే" అన్నడు.

"దొరకు ఎట్ల చెప్తవు ఉస్తాద్?" అని నేను అడిగిన.

"దొరకు ఎవ్వడు ఏం చెప్పడు బేటా. దొరనే చెప్పాలె."

ఆఖరుపారి డ్రమ్ములు తోపిచ్చి, బిగిచ్చి, ముగ్గురం పోయినం. ఈపారి దిగుడంత సాయిలన్న చిన్న గేరుల దించిండు, వాగు దాటిండు, ఆగలే. మట్టి బండి గడి దర్వాజ ముంగట నిలబడ్డది. దొర వరండల కుర్చీల కూసోని చూస్తున్నడు. పటేలు పక్కకు నిలబడి ఉన్నడు. మేం చెప్పులిడిచి నిలబడ్డం.

"బండి కడగలేదేందిరా?" అన్నడు దొర.

సాయిలన్న నోరు తెరిచిండు. ఉస్తాదు వంగి సలాం కొట్టి ముంగటికొచ్చిండు.

"దొరా, ఒక్క సంగతి తెల్వక మీ దగ్గరికొచ్చిన. మోటరు పని నాకు తెలుసు గని గుర్రాల సంగతి తెల్వదు. మీకు తెలిసినంత ఈ తాలూకాల ఎవనికి తెల్వదంటరు."

"ఆఁ."

"గుర్రం దూరం ఉరికొస్తే దాన్ని చూసుకునే మీ సాయీసు ఏం జేసేటోడు దొరా?"

"నడిపిస్తడు. చెమట ఆరనిస్తడు. అటెన్క నీళ్లు."

"చెమట మీదనే వాగుల దింపితే?"

"పాగల్! కాళ్లు పట్టుకపోతయి. కుంటిదయితది. గా మాత్రం తెల్వదా నీకు?"

ఉస్తాదు తల వంచుకొని నిలబడ్డడు. మెల్లగ, "ఈ బండిది గుర్రం జాతి దొరా. సాయిలుది ఎడ్ల చెయ్యి" అన్నడు.

దొర బండిని చూసిండు. బండి చక్రాలు చూసిండు. సాయిలన్నను చూసిండు.

"ఏమ్రా, ఉరికొచ్చిన బండిని గట్లనే వాగుల దింపుతున్నవా?"

"బాంచెన్ దొరా... మీరు కడుగుమంటిరి..."

పటేలు గోడ దిక్కు మొకం తిప్పుకున్నడు. ఉస్తాదు అందుకున్నడు.

"కడగాలె దొరా, తప్పకుంట కడగాలె. మట్టి బండి గడిల బాగుండదు. మీ మాట మాటనే. గని చెమట ఆరినంక."

"గదే నేన్ చెప్తున్న!" అన్నడు దొర కుర్చీల ముంగటికి వంగి. "కడుగుమన్న గని వేడి మీద కడుగుమన్ననా? ఇగ ఇను. ఈ దర్వాజ ముంగట ఆపు. సల్లబడ్డంక బక్కెట్ల నీళ్లు తెచ్చి కడుగు. సల్లబడేదాక ఎటన్న పోయినవంటే సూడు."

"పోను దొరా. ఈడ్నే నిలబడ్త."

"నిలబడి ఏం జేస్తవ్ర? గుర్రం కాళ్లు నిలబడి చూస్తరా? చక్రం కాడ కూసో. చెయ్యివెట్టి చూస్తుండు. సల్లబడ్డంక లెవ్వు."

సాయిలన్నకు సమజ్ కాలే. దొర మళ్ల అన్నడు, "కూసోమంటున్న గద!"

కూసున్నడు. ముందుగాల గొంతుక్కూసున్నడు, తర్వాత కింద కూసున్నడు. పటేలు నిలబడి చూసిండు.

అటెన్క

ఆ బండి మళ్ల వణకలే. దొర ఎల్లారెడ్డిల మోటర్లున్నోళ్లందరికి చెమట ఆరేసుడు నేర్పిండు, తానే కనిపెట్టిన అని. దానికి నాకు అప్పుడు శాన కోపమొచ్చింది. ఉస్తాదుకు రాలే. "పేరు వానిది, డ్రమ్ము సాయిలుది" అన్నడు. ఇది న్యాయమా అని నన్నడిగితే కాదు. గని ఆ దినాలల్ల దొర ముంగట న్యాయం చెప్పినోని గుడిసె తెల్లారి కనవడకపోయేది. మీరు రోగం కనిపెట్టుడు ఒక్కటే పని అనుకోకుండ్రి. ఎవనికి, ఎట్ల చెప్పాలె అనేది గూడ పనే. మంచి పానా ఉన్నంత మాత్రాన ప్రతి నట్టు నెత్తి మీద కొట్టొద్దు.

ఇంకొకటి. తప్పు చేసినోడు ఎక్కువసార్లు బండిని ఆగం చేద్దామని చెయ్యడు. ఇరుసుకు ఆముదం మంచిదే, ఎద్దుకు వాగు మంచిదే. ఆ మంచి ఎక్కడికెల్లి తెచ్చిండో అడుగుండ్రి. కూసోవెట్టి అడుగుండ్రి.

ఒక యాడాదికో ఎప్పుడో ఆ గడికే బండి లైట్ల పని మీద పోయిన. పగటిపూట. బండి దర్వాజ ముంగట నీడల ఉన్నది. పట్వారి దస్తావేజులు చంకల వెట్టుకొని నిలబడ్డడు, పటేలు నిలబడ్డడు, ఇంకెవరో రైతులు తువ్వాలలు తీసి నిలబడ్డరు. దొర కుర్చీల ఉన్నడు. ముంగటి చక్రం కాడ సాయిలన్న బాసింపట్ల ఏసుకొని, చక్రం సందులకెల్లి డ్రమ్ము మీద చెయ్యివెట్టి కూసున్నడు.

పోయి పక్కకు వంగిన. "ఇంక వేడి ఉన్నదా అన్నా?"

"ఉన్నది తమ్మీ. జర ఉన్నది."

నేను గూడ చెయ్యివెట్టి చూసిన. కొత్త కుండల నీళ్ల లెక్క సల్లగున్నది.

"అవునన్నా" అన్న. "ఇంకా జర ఉన్నది."